గెయిటెడ్ గుర్రానికి జీను కింద నెమ్మదైన క్యాంటర్ నేర్పడం ఎలా?

ఎర్రజూలు:

అందరికీ నమస్కారం. నా దగ్గర ఏడేళ్ళ మార్వాడీ ఆడగుర్రం ఉంది. గెయిటెడ్, అంటే మామూలు నడకలతో పాటు ఒక అదనపు నడక పుట్టుకతోనే వచ్చే రకం. పేరు కావేరి. ఆ అదనపు నడక, రేవాల్, చాలా బాగుంటుంది. ఎంత దూరం పోయినా జీను మీద కుదుపు తెలియదు. మామూలు నడకలోనూ నెమ్మదస్తురాలే, బండి చప్పుళ్ళకి గానీ, కుక్కలకి గానీ బెదరదు. ఇబ్బందంతా క్యాంటర్ (మూడు చప్పుళ్ళ నిదానమైన దౌడు) దగ్గరే.

క్యాంటర్ అడిగితే ముందు రేవాల్ వేగం పెంచుతుంది. తల పైకెత్తుతుంది, వీపు గట్టిపడుతుంది. ఇంకా అడిగితే ఒకే వైపు కాళ్ళు రెండూ కలిసి పడడం మొదలవుతుంది. అప్పుడు జీను ఇటూ అటూ ఊగిపోతుంది. ఆ ఊపులోంచి ఒక్కసారిగా ఎగిరి క్యాంటర్‌లో పడుతుంది. పడ్డాక అది పరుగే, ఆపడం కష్టం. ఒక్కోసారి ముందు కాళ్ళు ఒక లీడ్ (ఏ వైపు కాలు ఎక్కువ ముందుకి చాస్తే ఆ వైపు లీడ్) మీద, వెనక కాళ్ళు ఇంకో లీడ్ మీద పోతున్నాయని నా నడుముకే తెలుస్తుంది. తోక కొడుతూనే ఉంటుంది. ఆ తర్వాత ఆ రోజు మళ్ళీ మామూలు నడకకి వచ్చినా టెన్షన్ తగ్గదు, ఎప్పుడు అడుగుతానో అని చెవులు వెనక్కీ ముందుకీ ఆడిస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఎడమ లీడ్ ఎలాగోలా వస్తుంది. కుడి లీడ్ జీను కింద దాదాపు రాదు. కానీ జీను లేకుండా మైదానంలో వదిలేస్తే రెండు వైపులా చక్కగా, ఎంతో అందంగా క్యాంటర్ చేస్తుంది.

నా దగ్గరికి రాకముందు దాన్ని చాలా గట్టి బిట్ (నోట్లో పెట్టే కడ్డీ) వేసి, తల ఎత్తించి నడిపేవారట. ఇప్పుడు వేస్తున్నది మామూలు స్నాఫిల్, మెత్తటి రకం బిట్.

నేను అడిగేది మూడు విషయాలు. ఇలాంటి గుర్రానికి నిదానమైన క్యాంటర్ అసలు సాధ్యమేనా? ఏ నడకలోంచి అడగాలి? క్యాంటర్ నేర్పితే రేవాల్ చెడిపోతుందని కొందరు అంటున్నారు, నిజమేనా? ఈ గుర్రం నాకు ప్రాణం. దాన్ని కంగారు పెట్టి నేర్పే పద్ధతి ఏదీ నాకొద్దు.

---

పాతజీను:

తమ్ముడూ, నీ పోస్టులో అన్నిటికంటే పనికొచ్చే మాట చివర్లో రాశావు. మైదానంలో వదిలితే రెండు వైపులా బాగా చేస్తుందన్నావు. అంటే క్యాంటర్ దానికి పుట్టుకతోనే ఉంది. నువ్వు కొత్తగా నేర్పాల్సింది లేదు. మనిషి బరువు, జీను, పగ్గాలు వచ్చి చేరాక అది దాన్ని ఎందుకు పోగొట్టుకుంటోందో కనిపెట్టాలి. సాధ్యమేనా అన్న నీ మొదటి ప్రశ్నకి జవాబు: సాధ్యమే. నేను గెయిటెడ్ గుర్రాలతోనే ఎక్కువ పని చేశాను. నిదానంగా క్యాంటర్ చేసే గుర్రాల్లో చాలా భాగం మొదట్లో కావేరి లాగే ఉన్నవే.

ముందు నొప్పి సంగతి చూడు. దీన్ని దాటేసి ఎంత శిక్షణ ఇచ్చినా వృథా. కుడి లీడ్ క్యాంటర్ మొదలయ్యేది ఎడమ వెనక కాలితో. ఆ కాలు ఒక్కటే ఒక్క క్షణం మొత్తం బరువు మోసి ముందుకి తోస్తుంది. తర్వాత కుడి వెనక కాలు, ఎడమ ముందు కాలు కలిసి పడతాయి. చివరికి కుడి ముందు కాలు పడి, ఆ పైన నాలుగూ గాలిలో ఉంటాయి. కాబట్టి జీను కింద కుడి లీడ్ రావడం లేదంటే నా చూపు ముందుగా ఎడమ వెనక కాలి మీదికి, ఆ వైపు నడుము మీదికి పోతుంది. మోకీలు, దాని పైన తొడ కీలు, నడుము కండ, అన్నీ పశువైద్యుడితో చూపించు. పళ్ళు కూడా. పాత బిట్ గట్టిదంటున్నావు కాబట్టి నోటి లోపల చిగుళ్ళ మీద, నాలుక మీద పాత గాయాల గుర్తులు ఉన్నాయేమో చూడమను.

జీను నువ్వే చూడొచ్చు. బాగా చెమట పట్టేదాకా తిరిగొచ్చి జీను తీయగానే వీపు చూడు. చుట్టూ తడిగా ఉండి మధ్యలో ఎక్కడైనా పొడి మచ్చ ఉంటే అక్కడ జీను ఒత్తుతోందన్నమాట, లేదా అసలు ఆనడం లేదు. గెయిటెడ్ గుర్రాలకి భుజం కదలిక ఎక్కువ. జీను ముందు అంచు భుజపు ఎముక మీదికి వచ్చిందంటే ప్రతి అంగలోనూ అది తగులుతూనే ఉంటుంది. నిదానంగా నడిచినంతసేపూ ఓర్చుకుంటుంది, క్యాంటర్‌లో ఓర్చుకోదు. వెనక అంచు చివరి పక్కటెముక దాటి నడుము మీదికి పోకూడదు. తర్వాత వేళ్ళ మెత్తటి భాగంతో వెన్నుకి రెండు పక్కలా, మెడ మొదట్నుంచి నడుము దాకా నెమ్మదిగా నొక్కుకుంటూ రా. ఒకచోట చర్మం గబుక్కున వణికినా, వీపు కిందికి కుంగినా, చెవి వెనక్కి పోయినా ఆ చోటు గుర్తుపెట్టుకో. రెండో వైపు అదే చోట నొక్కి తేడా చూడు.

నొప్పి లేదని తేలాక అసలు పనిలోకి వద్దాం.

రేవాల్ లాంటి నడకల్లో కాళ్ళు ఒక్కో వైపుగా పడతాయి. ఎడమ వెనక కాలు, వెంటనే ఎడమ ముందు కాలు, తర్వాత కుడి వెనక, కుడి ముందు. నాలుగు చప్పుళ్ళు విడివిడిగా వినిపిస్తాయి. గుర్రానికి టెన్షన్ వచ్చి వీపు కుంగితే ఆ రెండేసి చప్పుళ్ళు దగ్గరికి జరిగి ఒకటైపోతాయి. దాన్నే పేస్ అంటాం. నీ జీను ఇటూ అటూ ఊగేది అందుకే. క్యాంటర్‌కి కావాల్సింది దీనికి పూర్తిగా వేరు. అక్కడ లోపలి (లీడ్ ఉన్న వైపు) వెనక కాలు, బయటి (రెండో వైపు) ముందు కాలు, అంటే మూలకి మూల ఉన్న జత కలిసి పడాలి. ఒంటి పక్క కాళ్ళు ఒకటిగా బిగుసుకుపోయిన గుర్రం ఆ జతని కలపలేదు. అప్పుడు జత విడిపోయి మూడు చప్పుళ్ళ క్యాంటర్ కాస్తా నాలుగు చప్పుళ్ళదవుతుంది. ముందొక లీడ్, వెనకొక లీడ్ రావడమూ అక్కడ్నుంచే. నువ్వు వేగం పెంచిన కొద్దీ పేస్ ఇంకా గట్టిపడుతుంది. అందుకే వేగంలోంచి క్యాంటర్‌లోకి తోసే పద్ధతి గెయిటెడ్ గుర్రాల దగ్గర పనిచేయదు. ఇది నేను చాలా గట్టిగా నమ్మే మాట.

దీంట్లో పుట్టుక పాత్ర కూడా ఉంది. 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం నేచర్ పత్రికలో డీఎంఆర్‌టీ3 అనే జన్యువు గురించి ప్రచురించింది. వెన్నుపాములో కాళ్ళ కదలికని సమన్వయం చేసే నాడీకణాలకి ఆ జన్యువుతో సంబంధం ఉంది. అందులో ఒక మార్పు ఉన్న గుర్రాలకి ఈ అదనపు నడకలు వస్తాయి. ఐస్‌లాండ్ గుర్రాల్లో ఆ మార్పు రెండు ప్రతులూ ఉన్నవి పేస్‌లో ముందుంటే, ఒక్క ప్రతే ఉన్నవి క్యాంటర్‌లోనూ, రెండు చప్పుళ్ళ నడక అయిన ట్రాట్‌లోనూ మంచి మార్కులు తెచ్చుకున్నాయి. ఇది ఎందుకు చెబుతున్నానంటే, క్యాంటర్ ఎత్తుకోవడానికి కష్టపడే గుర్రం మొండిది కాదని నువ్వు మనసులో పెట్టుకోవాలి. కొన్నిటికి ఆ మార్పిడి నిజంగానే కష్టం.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, మామూలు నడక దగ్గర. రేవాల్ దగ్గర కూడా వద్దు. పగ్గాలు వదులుగా ఇచ్చి, మెడ కిందికి చాచి, అడుగడుక్కీ తల ఊపుతూ నడిచే నడక. కావేరిని తల ఎత్తించి నడిపారు కాబట్టి మెడ దించినా ఏమీ కాదని దానికి తెలియాలి. ఆ నడకలో ఉండగా పక్క అడుగులు వేయించు. నీ కాలితో మెల్లగా అడిగితే కాళ్ళు ఒకదాని ముందు ఒకటి దాటేస్తూ పక్కకి జరగాలి. కాళ్ళు అడ్డంగా దాటేటప్పుడు ఒంటి పక్క బిగువు నిలవదు, పేస్‌ని విడగొట్టడానికి నాకు తెలిసిన అన్నిటికంటే మెత్తటి మందు ఇదే. మధ్యలో ఆపు, రెండడుగులు వెనక్కి నడిపించు, మళ్ళీ నడక. వెనక్కి నడిచేటప్పుడు తల పైకెత్తి ఈడ్చుకుంటే లాభం లేదు. మెడ కింద ఉండి, అడుగులు విడివిడిగా పడాలి.

దీంతో పాటు నేల మీద పని ఉండాలి. పొడవాటి తాడు కట్టి పెద్ద వృత్తంలో తిప్పు. వృత్తం అడ్డకొలత 18, 20 మీటర్లు ఉండాలి. అంతకంటే చిన్న వృత్తాల్లో పదేపదే క్యాంటర్ చేయిస్తే కీళ్ళకి భారం, పైగా లీడ్ తప్పడం ఎక్కువ. జీను లేకుండా అది తనంతట తాను హాయిగా క్యాంటర్ ఎత్తుకున్న క్షణంలో పెదవులతో ముద్దు చప్పుడు చెయ్యి. ఎత్తుకోక ముందు చేయకు, ఎత్తుకుంటుండగా చెయ్యి. కొన్నాళ్ళకి ఆ చప్పుడు వింటే చాలు, క్యాంటర్ వస్తుంది. అప్పుడు జీను కట్టి, మనిషి లేకుండా అదే చేయించు. ఎక్కడ కంగారు మొదలైందో నీకే కనిపిస్తుంది. జీను కట్టగానే మొదలైతే జీనుది తప్పు. నువ్వు ఎక్కాక మొదలైతే బరువు, కూర్చునే తీరు.

ఎక్కాక ఇలా అడుగు. వెడల్పాటి, కాళ్ళు దిగబడని నేల చూసుకో. కొంచెం ఎత్తుకి పోయే దారి దొరికితే మంచిది, వాలు అతి స్వల్పంగా ఉండాలి. ఎత్తుకి పోయేటప్పుడు వెనక కాళ్ళు ఒంటి కిందికి రాక తప్పదు. హెల్మెట్ లేకుండా ఈ పని మొదలుపెట్టకు. నిదానమైన నడకలోంచి, లేకపోతే చాలా నెమ్మదిగా సాగే రేవాల్‌లోంచి అడుగు. ముందు భాగాన్ని అరడుగు లోపలికి తెచ్చి, నీ బయటి కాలు గర్త్ పట్టీకి (జీనుని పొట్ట కింద కట్టే పట్టీ) కొంచెం వెనక ఆనించి, నీ లోపలి తుంటి ముందుకి జరగనిచ్చి, ముద్దు చప్పుడు. రాకపోతే కాలితో పొడవకు. నడకకి తెచ్చి, రెండు పక్క అడుగులు వేయించి మళ్ళీ అడుగు. పేస్ మొదలైతే అది క్యాంటర్‌కి దారి కాదు. వెంటనే నడకకి రా.

వచ్చిందనుకో, ఐదారు అంగలు చాలు. అది కంగారుపడి పరుగందుకోకముందే నువ్వే ఆపి నడకకి తెచ్చి, పగ్గాలు వదిలేసి, మెడ నిమురు. చాలామందికి ఇక్కడే ఓపిక ఉండదు, వచ్చింది కదా అని మైదానం చివరిదాకా పోతారు. క్యాంటర్ అంటే కాసేపే, అయిపోయాక హాయిగా నడవొచ్చు అని గుర్రానికి నమ్మకం కుదిరితే చెవులు వెనక్కీ ముందుకీ ఆడించడం దానంతట అదే తగ్గుతుంది.

నువ్వు పైన ఎలా ఉన్నావన్నది కూడా చూసుకో. రేవాల్ మీద అలవాటైనవాళ్ళు కాళ్ళు ముందుకి చాచి, బరువంతా వెనక వేసి కూర్చుంటారు. క్యాంటర్‌కి ఆ బరువు సరిగ్గా నడుము మీద పడుతుంది. కావడి ఒక పక్కకి ఊగితే మోసేవాడు అడుగు మార్చుకుంటాడు చూడు, గుర్రమూ అంతే, నీ బరువు ఎటు ఊగితే అటు అడుగు సర్దుకుంటుంది. మొదటి అంగల్లో రికాబుల మీద కొంచెం లేచి, వీపుని వదిలెయ్యి. జూలు ఒక చేత్తో పట్టుకున్నా ఫర్వాలేదు, పగ్గాలు లాగడం కంటే అదే నయం. ఊపిరి బిగపట్టకు.

ఊపిరి మాట వచ్చింది కాబట్టి ఒకటి చెబుతాను. క్యాంటర్‌లో గుర్రం అంగకొక ఊపిరి తీస్తుంది. ముందు భాగం లేచినప్పుడు లోపలికి, ముందు కాళ్ళు నేలకి ఆనినప్పుడు బయటికి. హాయిగా ఉన్న గుర్రం ముక్కులోంచి ప్రతి అంగకీ ఒక ‘ఫుర్’ మనే చప్పుడు తాళం తప్పకుండా వస్తుంది. కంగారుగా ఉన్నది కొన్ని అంగలు చప్పుడే లేకుండా పోతుంది, తర్వాత ఒక్కసారిగా గట్టిగా వదులుతుంది. నువ్వు చెవులు చూడడం కంటే ఈ చప్పుడు విను. చప్పుడు మొదలైన తర్వాత రెండు మూడు అంగలకి ఆపితే, గుర్రం బాగున్న చోటే ఆపినట్టవుతుంది.

---

డెక్కపని:

పాతజీను గారు చెప్పిందాంట్లో ఒకటి కలుపుతాను. నేను డెక్కలు చెక్కి లాడాలు కొట్టే పనిలో ఉన్నాను కాబట్టి నాకు ముందు అదే కనిపిస్తుంది.

వెనక డెక్కల ముందు కొస పొడుగ్గా పెరిగిపోయి, మడమ కిందికి వాలిపోయి ఉంటే కాలు నేల వదలడం ఆలస్యమవుతుంది. మనిషికి తెలియనంత తేడా, కానీ గుర్రం తాళం మారిపోతుంది. బరువైన లాడాలు వేసినా అంతే, కాలి ఊపు మారి నడక తీరే మారిపోతుంది. కావేరికి ఇదివరకు ఎలాంటి లాడాలు వేశారో తెలియదు. ఫొటో పెట్టగలిగితే పక్క నుంచి, డెక్క నేల మీద చదునుగా ఉన్నప్పుడు, కెమెరా నేలకి ఆనించి తీయండి. పై నుంచి తీసిన ఫొటోలో కోణం తెలియదు. రెండు వెనక డెక్కలూ విడివిడిగా కావాలి. ఎడమది కుడిదానితో పోల్చి చూడాలి.

మార్పేమైనా చేయాల్సి వస్తే ఒక్కసారే కొస అంతా కోసేయించకండి. ఐదారు వారాలకోసారి కొంచెం కొంచెంగా సరిదిద్దాలి. చెక్కించిన మర్నాడే క్యాంటర్ అడగొద్దు.

---

అర్ధచంద్ర:

ఎర్రజూలు గారూ, నేను పాతజీను గారితో ఒక్క దగ్గర ఒప్పుకోను. రేవాల్‌లోంచి క్యాంటర్ అడగడం, ఎంత నెమ్మది రేవాల్ అయినా సరే, మొదట్లో వద్దంటాను. మీ గుర్రానికి రేవాల్ వేగం పెరగడం, క్యాంటర్ అడగడం ఇప్పటికే ఒకదానితో ఒకటి ముడిపడిపోయాయి. ఆ ముడి విప్పాలంటే కొన్నాళ్ళు రెండిటినీ అసలు పక్కపక్కన రానివ్వకూడదు. నడకలోంచి మాత్రమే అడగండి. నడకలోంచి ఎత్తుకోవడం కష్టమే, కానీ గెయిటెడ్ గుర్రాలకి వేగంలోంచి ఎత్తుకోవడం కంటే అదే తేలిక.

నాకు కర్రలతో మంచి ఫలితం వచ్చింది. నేల మీద అడ్డంగా ఒక్క కర్ర పెట్టి మొదలుపెట్టండి. ఊరికే దాటిస్తే చాలు, ఆగి వాసన చూస్తానంటే చూడనివ్వండి. తర్వాత మూడు నాలుగు కర్రలు, మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లు, నడకలో. గుర్రం అంగని బట్టి కొంచెం అటూ ఇటూ జరపండి. కర్ర దాటేటప్పుడు ప్రతి కాలూ విడిగా లేపి, విడిగా పెట్టాలి. ఒకే పక్క రెండు కాళ్ళూ కలిపి లాగేస్తే తగులుతుంది, దానికే తెలుస్తుంది. మెడ కూడా కిందికి చాచి చూసుకుంటుంది, వీపు పైకి లేస్తుంది. మీరు పగ్గాలతో ఏమీ చేయనక్కర్లేదు.

క్యాంటర్ వచ్చాక ఆ కర్రలే క్యాంటర్‌కి కూడా పనికొస్తాయి. ఒక్క కర్ర పెట్టి దాని మీదుగా పోతే అంగ గుండ్రంగా లేస్తుంది, నాలుగు చప్పుళ్ళుగా విడిపోయిన క్యాంటర్ మూడుకి వస్తుంది. వరసగా పెట్టాలంటే మధ్యలో సుమారు 2.7 నుంచి 3 మీటర్లు ఉండాలి, మీ గుర్రం పొట్టిదైతే ఇంకొంచెం తక్కువ. కానీ వరస కర్రలకి తొందర లేదు. నేనైతే ఒక్కదాంతోనే చాలాకాలం నడిపించాను. జారిపోయే గుండ్రటి కర్ర కింద అటూ ఇటూ ఆపు పెట్టండి, కాలి కింద దొర్లితే చీలమండ బెణుకుతుంది.

రేవాల్ చెడిపోతుందా అన్నది చాలామంది భయం. కొత్తగా నేర్చుకుంటున్న చిన్న గుర్రమైతే రేవాల్ నిలకడగా కుదిరేదాకా క్యాంటర్ ఆపమని నేనూ చెబుతాను. కావేరికి ఏడేళ్ళు, రేవాల్ బాగా స్థిరపడిందని మీరే అంటున్నారు. అలాంటి గుర్రానికి క్యాంటర్ మేలే చేస్తుంది. నడుము వంగి సాగడం, వెనక కాళ్ళు ఒంటి కిందికి రావడం అలవాటయ్యాక రేవాల్‌లో పేస్ వైపు జారడం తగ్గడం నేను చూశాను. చెడగొట్టేది టెన్షన్. అది ఏ నడకలో ఉన్నా చెడగొడుతుంది.

---

ఎర్రజూలు:

అందరికీ చాలా చాలా థాంక్స్. ఇంత ఓపిగ్గా రాస్తారని అనుకోలేదు.

పాతజీను అన్నా, మీరు చెప్పినట్టే చెమట పట్టాక జీను తీసి చూశాను. కుడి వైపు అంతా సమంగా తడిసింది. ఎడమ వైపు మాత్రం వెనక అంచు కింద అరచేయంత పొడి మచ్చ ఉంది. వేళ్ళతో నొక్కితే సరిగ్గా దాని వెనకే చర్మం వణికి, వీపు కుంగింది. కుడి వైపు అదే చోట నొక్కితే ఏమీ లేదు, గడ్డి నములుతూనే ఉంది. డాక్టర్ వచ్చి చూశారు. కీళ్ళు, నోరు బాగానే ఉన్నాయన్నారు. నడుము కండ నొప్పి ఉందని చెప్పి, కొన్నాళ్ళు జీను వేయొద్దన్నారు. జీను లోపల కూరిన దిండు ఎడమ వైపు అణిగిపోయి గడ్డకట్టింది. దాన్ని విప్పించి మళ్ళీ కూరించాను.

విశ్రాంతి రోజుల్లో జీను లేకుండా చేత్తో నడిపిస్తూ కర్రలు దాటించాను. మొదట్లో వెనక కాలు తగిలించుకునేది, ఇప్పుడు చూసి దాటుతోంది. డాక్టర్ సరే అన్నాక ఎక్కి నడక, పక్క అడుగులు, ఆపడం చేస్తున్నాం. మెడ కిందికి చాచి నడవడం దానికి ఎంత ఇష్టమో నాకిప్పుడే తెలిసింది. ముద్దు చప్పుడు కూడా తాడు మీద పట్టేసింది.

అర్ధచంద్ర గారూ, నడకలోంచే అడిగాను. కుడి లీడ్ వచ్చింది! జీను కింద, నేను పైన ఉండగా. నాలుగైదు అంగలే, కానీ ఆ ‘ఫుర్’ చప్పుడు విన్నాను.

ఇప్పుడు రెండు సందేహాలు. ఆపడానికి పగ్గాలు పట్టగానే తల విసురుతోంది, అక్కడ్నుంచి దిగేటప్పుడు మళ్ళీ పేస్‌లోకి జారుతోంది. రెండోది, రేవాల్‌కీ క్యాంటర్‌కీ సైగలు కలిసిపోకుండా ఎలా?

డెక్కపని గారూ, ఫొటోలు పంపుతాను. ఎడమ వెనక డెక్క ముందు కొస నా కళ్ళకి కూడా పొడుగ్గానే కనిపిస్తోంది.

---

పాతజీను:

తమ్ముడూ, చాలా సంతోషం. ఆ పొడి మచ్చ కనిపెట్టావు చూడు, సగం పని అక్కడే అయిపోయింది. కొత్తగా కూరిన దిండు కొన్నాళ్ళకి అణుగుతుంది కాబట్టి మళ్ళీ చూసుకో. ఎడమ నడుము కండ ఇంకా పూర్తిగా బలపడి ఉండదు. కుడి లీడ్ వచ్చిందన్న సంతోషంలో అదే పదేపదే అడగకు. రెండు లీడ్‌లూ కలిపి కొన్ని మంచి ఎత్తుకోవడాలు చాలు, మిగతా సమయమంతా నడకే.

అర్ధచంద్ర గారు నడకలోంచే అన్నది కావేరి విషయంలో సరైందే, నేను ఒప్పుకుంటున్నాను. ఆ ముడి సంగతి ఆవిడ బాగా పట్టుకున్నారు.

తల విసరడం గురించి. దాని నోటికి పాత భయం ఉంది. పగ్గం బిగిసిందంటే నొప్పి వస్తుందనే అది ఇంకా అనుకుంటోంది. కాబట్టి ఆపడం పగ్గాలతో మొదలుపెట్టకు. క్యాంటర్‌లో నీ నడుము దానితో పాటు ఊగుతూ ఉంటుంది. ముందు ఆ ఊపు ఆపు. జీనులో లోతుగా కూర్చుని, పొడుగ్గా, వినిపించేలా ఊపిరి వదులు. నడకలో ఆపేటప్పుడు నువ్వు ఏ మాట వాడతావో అదే మాట అను. అప్పటికీ రాకపోతే ఒక్క పగ్గాన్ని, లోపలిదాన్ని, వేళ్ళతో పిండి వదులు. రెండూ కలిపి పట్టకు. రెండూ కలిపి పడితే తల ఎత్తుతుంది, తల ఎత్తితే వీపు కుంగుతుంది, వీపు కుంగితే పేస్.

దిగేటప్పుడు ఏ నడకలోకి దిగినా మొదట్లో పట్టించుకోకు. పేస్‌లో రెండు మూడడుగులు వేసి నడకకి వస్తే రానివ్వు. సరిచేయబోతే ఆపడం కూడా గొడవే అనుకుంటుంది. దిగాక వెంటనే కర్ర మీదుగా నడిపించావంటే కాళ్ళు విడివడతాయి. దిగే చోటుకి పది పదిహేను అడుగుల దూరంలో ఒక కర్ర ముందే పెట్టి ఉంచుకో.

సైగలు విడిగా ఉంచడం తేలికే. రేవాల్‌కి రెండు కాళ్ళూ గర్త్ పట్టీ దగ్గరే, రెండు వైపులా సమంగా. నువ్వు నిటారుగా, చేతులు నోటితో మెత్తటి పరిచయంలో, నాలుకతో క్లిక్ చప్పుడు. క్యాంటర్‌కి బయటి కాలు వెనక్కి, లోపలి తుంటి ముందుకి, ముద్దు చప్పుడు. నాలుక చప్పుడూ, ముద్దు చప్పుడూ ఎప్పుడూ కలపకు. నీ గుర్రాన్ని ఇంకెవరైనా ఎక్కితే వాళ్ళకీ ఇదే చెప్పు. ఇంట్లో ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా అడిగితే పాపం అది ఏం చేస్తుంది?

ఒక పూట పని ఎలా సర్దుకోవాలో కూడా చెబుతాను. ముందు బాగా నడక, కనీసం పదిహేను నిమిషాలు, కండలు వేడెక్కేదాకా. తర్వాత పక్క అడుగులు, కర్రలు. మధ్యలో క్యాంటర్. ఆ పైన మళ్ళీ పగ్గాలు వదిలి పొడుగాటి నడక. గుర్రం గాలి గట్టిగా వదిలి, దవడ ఆడించి, పెదవులు నాకినప్పుడు రేవాల్ అడుగు. క్యాంటర్ తర్వాత కూడా దాని రేవాల్ నాలుగు చప్పుళ్ళతో విడివిడిగా వినిపిస్తే, రేవాల్ చెడుతుందా అన్న నీ ప్రశ్నకి ఆ గుర్రమే జవాబు చెప్పినట్టు. అలా రాకుండా పేస్ వైపు జారుతుంటే ఆ రోజు క్యాంటర్ ఎక్కువైందని అర్థం. మర్నాడు తగ్గించు.

అంగలు పెంచడానికి తొందరపడకు. ఐదారు అంగలు ఏ రోజు అడిగినా, ఏ వైపు అడిగినా ఒకేలా వస్తున్నప్పుడు పది చెయ్యి. తిన్నటి దారిలో నిలకడ వచ్చాక పెద్ద వృత్తం. వంపులో చప్పుడు నాలుగుకి మారితే మళ్ళీ తిన్నటి దారికి వచ్చెయ్యి. పల్లం వైపు క్యాంటర్ ఇప్పట్లో వద్దే వద్దు.

---

అర్ధచంద్ర:

కుడి లీడ్ వచ్చిందన్న మాట చదివి ఎంత సంతోషమేసిందో!

ఒకటి మర్చిపోకండి. మైదానంలో ఎంత నెమ్మదిగా చేసినా, బయట దారి మీద వేరే గుర్రాలతో కలిసి మొదటిసారి క్యాంటర్ అడిగినప్పుడు పాత కంగారు తిరిగి రావచ్చు. ముందు వెళ్ళే గుర్రం దౌడు తీస్తే మీది వెంబడిస్తుంది. అందుకని మొదటిసారి మీ మాట వినే ఒక్క స్నేహితుడిని, నిదానమైన ఒక్క గుర్రాన్ని మాత్రమే తీసుకెళ్ళండి. వాళ్ళని నడకలోనే ఉండమనండి. మీరు ముందు నాలుగైదు అంగలు వేసి ఆగండి, వాళ్ళు నడిచి వచ్చి కలుస్తారు. తర్వాత వాళ్ళు ముందుకి వెళ్తుంటే మీరు నడకలో ఉండండి. ఇది ఇబ్బంది లేకుండా జరిగాకే ఇద్దరూ పక్కపక్కన క్యాంటర్ చేయండి. ఇంటి వైపు తిరిగి వస్తున్నప్పుడు మాత్రం అడగొద్దు, ఇంటికి వెళ్ళే దారిలో ప్రతి గుర్రానికీ తొందరే.